హెల్మెట్ ఇంటర్‌కామ్‌కి ఐఈఎం కనెక్ట్ చేయాలా? వైర్ కట్ చేసే ముందు ఇది చదవండి

హెల్మెట్ ఇంటర్‌కామ్ వాడే బైకర్లలో చాలామందిది ఒకటే కంప్లైంట్. సిటీలో 40 స్పీడ్‌లో పాటలు, కాల్స్ అన్నీ బాగానే వినిపిస్తాయి. హైవే ఎక్కి 90 దాటగానే గాలి హోరు తప్ప ఇంకేం వినపడదు. వాల్యూమ్ ఫుల్ పెడితే పాట పగిలిపోతుంది, తగ్గిస్తే మ్యాప్స్ ఏం చెబుతోందో అర్థం కాదు. మరి ఆ స్పీకర్లు తీసేసి, వాటి ప్లేస్‌లో ఐఈఎంలు, అంటే చెవి లోపల పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు, కనెక్ట్ చేస్తే? హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఏడాదిగా నేను వాడుతున్న సెటప్ ఇదే. సౌండ్ నిజంగానే మారిపోతుంది. కానీ ఏది పడితే అది గుచ్చేస్తే ఇంటర్‌కామ్ పోవచ్చు, దానికంటే ముందు మీ చెవులు పోవచ్చు. అందుకే స్టెప్ బై స్టెప్ చూద్దాం.

అసలు ప్రాబ్లం స్పీకర్‌ది కాదు, గాలిది

హైవే స్పీడ్‌లో హెల్మెట్ లోపల శబ్దం ఈజీగా 90 నుంచి 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. ఖరీదైన హెల్మెట్ అయినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే గాలి ఎక్కువగా గడ్డం కింది అంచు దగ్గర సుడి తిరిగి ఆ హోరు పుట్టిస్తుంది. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగానికి పడిపోతుంది. 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు. రైడ్ అయిపోయి హెల్మెట్ తీశాక చెవిలో గుయ్ మని మోగుతోందంటే, ఆ లిమిట్ ఎప్పుడో దాటేశారన్నమాట.

ఇప్పుడు స్పీకర్‌తో ఏం జరుగుతుందో చూడండి. గాలి శబ్దం 95 ఉంటే పాట వినపడాలంటే అది కూడా 95కి అటూ ఇటూ ఉండాలి. అంటే హోరు మీద ఇంకో హోరు. ఐఈఎం పని తీరు వేరు. ఫోమ్ టిప్ చెవిలో సరిగ్గా సీల్ అయితే బయటి శబ్దాన్ని సుమారు 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 95 కాస్తా 75 అయిపోతుంది, పాటకి కూడా ఆ లెవెల్ చాలు. ఐఈఎం వల్ల అసలు లాభం బాస్ కాదు, ఇది. స్పీకర్ పెట్టినంత వాల్యూమే ఐఈఎంలో కూడా పెట్టుకుంటే మాత్రం ఆ లాభం మొత్తం గాలికి పోయినట్టే.

టీడబ్ల్యూఎస్ బడ్స్ పెయిర్ చేయొచ్చుగా?

చాలామంది అడిగే డౌట్ ఇది. మామూలుగా కుదరదు. బ్లూటూత్‌లో ఫోన్ ఆడియో పంపేది, హెడ్‌సెట్ తీసుకునేది. ఇంటర్‌కామ్ కూడా హెడ్‌సెటే, బడ్స్ కూడా హెడ్‌సెటే. రెండూ తీసుకునేవే అయితే పంపేది ఎవరు? బడ్స్‌ని నేరుగా ఫోన్‌కి పెయిర్ చేస్తే పాటలు వస్తాయి కానీ, పక్క రైడర్‌తో మాట్లాడే ఇంటర్‌కామ్ ఆడియో రాదు. కాబట్టి వైరే దారి.

మీ ఇంటర్‌కామ్ ఏ టైపు?

మొదటి రకం: ఇయర్‌ఫోన్ జాక్ ఉన్నవి. ఉదాహరణకి సేనా 20ఎస్ క్లాంప్‌లో ఇయర్‌బడ్ పోర్ట్ ఇచ్చారు. కార్డో ప్యాక్‌టాక్ బోల్డ్‌లో స్పీకర్లు 3.5 ఎంఎం ప్లగ్‌తో వస్తాయి, అవి పీకి మీ ఐఈఎం పెట్టుకోవచ్చు. మైక్ విడిగా ఉంటుంది కాబట్టి దానికేం కాదు. మీది ఈ రకమైతే సగం పని అయిపోయినట్టే.

రెండో రకం: స్పీకర్లు, మైక్ అన్నీ ఒకే ప్లగ్‌లో వచ్చేవి. తక్కువ ధర మోడల్స్‌లో ఎక్కువగా ఇదే. ప్లగ్ చూడటానికి టైప్-సి లాగానో, మినీ యూఎస్‌బీ లాగానో ఉంటుంది. కానీ లోపల పిన్స్‌ని కంపెనీ తనకి నచ్చినట్టు వాడుకుంటుంది. షేప్ కుదిరింది కదా అని టైప్-సి ఇయర్‌ఫోన్ గుచ్చితే పని చేయదు. ఇలాంటి వాటికి స్పీకర్ వైర్ కట్ చేసి ఆడ జాక్ సోల్డరింగ్ చేయడం ఒక్కటే మార్గం. వారంటీ ఉంటే అది పోతుంది, ఆ సంగతి ముందే అనుకోండి.

మూడో రకం: స్పీకర్లు ఫిక్స్‌డ్‌గా ఉన్నవి. వాటి జోలికి వెళ్లకపోవడమే బెటర్.

సోల్డరింగ్‌కి ముందు మల్టీమీటర్ టెస్ట్

రెండో రకం వాళ్లు ఇక్కడ ఆగాలి. మామూలు 3.5 ఎంఎం ప్లగ్‌లో లెఫ్ట్ మైనస్, రైట్ మైనస్ రెండూ ఒకే చోట కలుస్తాయి. కొన్ని ఇంటర్‌కామ్స్‌లో మాత్రం యాంప్లిఫయర్ ఒక్కో స్పీకర్‌కి రెండు వైర్లలోనూ సిగ్నల్ పంపుతుంది. ప్లస్ అయినా మైనస్ అయినా రెండూ లైవే. అలాంటి దాంట్లో రెండు మైనస్‌లని కలిపేస్తే యాంప్లిఫయర్ అవుట్‌పుట్ షార్ట్ అయి చిప్ కాలిపోయే ఛాన్స్ ఉంది.

టెస్ట్ సింపుల్. స్పీకర్ హార్నెస్‌ని ఇంటర్‌కామ్ నుంచి పూర్తిగా పీకేయండి. మల్టీమీటర్‌ని ఓమ్స్ మోడ్‌లో పెట్టి, లెఫ్ట్ స్పీకర్ మైనస్‌కీ రైట్ స్పీకర్ మైనస్‌కీ మధ్య కొలవండి. బీప్ మీద ఆధారపడొద్దు, స్పీకర్ కాయిల్ గుండా వెళ్లినా కొన్ని మీటర్లు బీప్ అంటాయి. రీడింగ్ సున్నా దగ్గర ఉంటే మైనస్ కామన్, 3.5 ఎంఎం జాక్ పెట్టుకోవచ్చు. ఓపెన్ అని చూపిస్తే రెండింటినీ కలపొద్దు. దీనికీ ఒక దారుంది. 4.4 ఎంఎం లేదా 2.5 ఎంఎం బ్యాలెన్స్‌డ్ సాకెట్ పెట్టి, ఐఈఎంకి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. అందులో నాలుగు వైర్లూ చివరిదాకా విడివిడిగానే వెళ్తాయి.

ఇంకో చిన్న విషయం. మైక్ ఉన్న ఐఈఎం కేబుల్ ప్లగ్‌కి నాలుగు కాంటాక్టులుంటాయి. మూడు కాంటాక్టుల జాక్‌లో పెడితే ఒక్కోసారి పాటలో మ్యూజిక్ వినపడుతుంది, సింగర్ వాయిస్ మాత్రం మాయమైపోతుంది. గ్రౌండ్ సరిగ్గా కలవకపోతే అలా అవుతుంది. మైక్ లేని కేబుల్ తీసుకోండి, గొడవ ఉండదు.

హిస్, వాల్యూమ్: 75 ఓమ్స్ చిట్కా

ఇంటర్‌కామ్ యాంప్లిఫయర్‌ని చెవికి కాస్త దూరంలో ఉండే 40 ఎంఎం స్పీకర్ కోసం డిజైన్ చేస్తారు. ఐఈఎం చెవి లోపల ఉంటుంది, పైగా సెన్సిటివిటీ ఎక్కువ. అందుకే రెండు సమస్యలొస్తాయి. ఒకటి, పాట లేనప్పుడు కూడా సన్నగా స్ స్ మనే హిస్. రెండు, వాల్యూమ్ మొదటి పాయింట్‌లోనే గట్టిగా వినిపించడం. కొన్ని మోడల్స్‌లో "బ్యాటరీ లో" లాంటి వాయిస్ ప్రాంప్ట్స్ మ్యూజిక్ వాల్యూమ్‌తో సంబంధం లేకుండా వస్తాయి. స్పీకర్‌లో అది ఓకే, ఐఈఎంలో ఉలిక్కిపడతారు. 100 స్పీడ్‌లో ఉలిక్కిపడటం మంచిది కాదు.

సొల్యూషన్: మధ్యలో 75 ఓమ్స్ ఇంపీడెన్స్ అడాప్టర్. లెక్క చూడండి. షూర్ ఎస్‌ఈ215 లాంటి 17 ఓమ్స్ ఐఈఎంకి ఇది పెడితే సౌండ్ సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 32 ఓమ్స్ ఐఈఎంకి అయితే 10 పైచిలుకు. హిస్, ప్రాంప్ట్స్, పాట అన్నీ ఒకేలా తగ్గుతాయి, వాల్యూమ్ బటన్‌కి మళ్లీ పని దొరుకుతుంది. ఒక్క కండిషన్: సింగిల్ డైనమిక్ డ్రైవర్ ఉన్న ఐఈఎంలో టోన్ పెద్దగా మారదు. ఎక్కువ ఆర్మేచర్ డ్రైవర్లున్న వాటిలో సౌండ్ తేడా కొడుతుంది.

గాలి శబ్దాన్ని బట్టి వాల్యూమ్ దానంతటదే పెంచే ఆటో వాల్యూమ్ ఫీచర్ మీ ఇంటర్‌కామ్‌లో ఉంటే ఆఫ్ చేసేయండి. బయట మైక్‌కి హోరు వినపడుతుంది, అది వాల్యూమ్ పెంచుకుంటూ పోతుంది. మీ చెవికి ఆ హోరు ఆల్రెడీ తగ్గిందని దానికి తెలీదు.

ఏ ఐఈఎం తీసుకోవాలి?

ఇక్కడ సౌండ్ కంటే షేప్ ముఖ్యం. చెవి బయటికి పొడుచుకొచ్చేది ఏదైనా హెల్మెట్ ప్యాడ్‌కి నొక్కుకుని 20 నిమిషాల్లో నొప్పి మొదలవుతుంది. చెవి గుంటలో పూర్తిగా కూర్చునే చిన్న ప్లాస్టిక్ షెల్, చెవి పైనుంచి తిరిగే కేబుల్, ఎల్ షేప్ ప్లగ్. ఈ మూడూ చూసుకోండి. కేబుల్ ఊడదీసేలా, అంటే 2-పిన్ గానీ ఎంఎంసీఎక్స్ గానీ ఉంటే, తెగినా కేబుల్ ఒక్కటే మార్చుకోవచ్చు. బరువైన మెటల్ షెల్స్ వద్దు. పడితే చెవి పక్కన గట్టి లోహం ఉండకూడదు.

వేలకి వేలు పోయాల్సిన అవసరం కూడా లేదు. ఇంటర్‌కామ్‌లో అవతలి వాళ్ల మాట మోనోలో, ఫోన్ కాల్ క్వాలిటీలోనే వస్తుంది. 20 వేల ఐఈఎం పెట్టినా ఆ మాట మారదు. సీల్ బాగుండే బడ్జెట్ మోడల్ చాలు.

పెట్టుకునే పద్ధతి: ఫోమ్ టిప్‌ని వేళ్లతో నలిపి చెవిలో పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం ఆగండి. పైన పల్చటి బాలక్లావా వేసుకుంటే హెల్మెట్ దూర్చేటప్పుడు ఊడిరావు. కేబుల్‌ని ప్యాడింగ్ వెనక నుంచి తీసి, మెడ దగ్గర ప్లగ్ ఈజీగా ఊడిపోయేలా వదలండి. ఏదైనా జరిగి ఎవరైనా హెల్మెట్ తీయాల్సి వస్తే వైర్ అడ్డం పడకూడదు.

చట్టం, సేఫ్టీ

ఫ్రాన్స్‌లో 2015 జులై నుంచి రైడర్లు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం నిషేధం, హెల్మెట్‌లో బిగించిన స్పీకర్లకి మాత్రం పర్మిషన్ ఉంది. కాలిఫోర్నియాలో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపకూడదు, అక్కడున్న మన తెలుగు రైడర్లు గుర్తుపెట్టుకోండి. మన దగ్గర 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184, చేతిలో పట్టుకుని వాడే కమ్యూనికేషన్ పరికరాలని ప్రమాదకర డ్రైవింగ్ కింద లెక్కేస్తుంది. చెవిలో వైర్ కనిపిస్తే ట్రాఫిక్ పోలీసులు ఆపే అవకాశం ఎలాగూ ఉంది.

చట్టం సంగతి పక్కనపెట్టినా, సిటీలో నేను ఐఈఎం పెట్టను. అమీర్‌పేట ట్రాఫిక్‌లో వెనక బస్సు హారన్, పక్కన దూరే ఆటో శబ్దం వినపడాలి. అక్కడ స్పీకర్లే కరెక్ట్. అందుకే స్పీకర్లని నేను పూర్తిగా తీయలేదు, ప్లగ్ మార్చుకుంటే చాలు అన్నట్టు హెల్మెట్‌లోనే ఉంచాను. హైవే మీద కూడా బైక్ ఆపి ఉన్నప్పుడే వాల్యూమ్ సెట్ చేస్తాను. ఇంజిన్ ఐడిల్‌లో మ్యాప్స్ వాయిస్ క్లియర్‌గా వినపడే కనీస పాయింట్, దానిపైన మహా అయితే రెండు పాయింట్లు. అంతకంటే అవసరం పడుతోందంటే టిప్ సీల్ అవ్వలేదని అర్థం. అప్పుడు బటన్ నొక్కను, బండి పక్కకి ఆపి టిప్ సరిచేసుకుంటాను.

మరి ఎవరు చేసుకోవాలి?

నెలకి రెండు మూడు లాంగ్ రైడ్స్ చేస్తూ, ఇంటర్‌కామ్‌లో ఆల్రెడీ 3.5 ఎంఎం జాక్ ఉన్నవాళ్లు తప్పకుండా ట్రై చేయండి. ఐఈఎం, మైక్ లేని కేబుల్, 75 ఓమ్స్ అడాప్టర్, ఫోమ్ టిప్స్, అంతే ఖర్చు. రెండో రకం ఇంటర్‌కామ్ ఉండి, వారంటీ అయిపోయి, సోల్డరింగ్ చేయి తిరిగిన వాళ్లు టెస్ట్ చేశాకే ముందుకెళ్లండి. రోజూ ఆఫీసుకి 15 కిలోమీటర్లు వెళ్లొచ్చే వాళ్లకి మాత్రం ఇది అనవసరం. ఉన్న స్పీకర్లనే చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా, ఇంకాస్త దగ్గరగా జరిపి చూడండి. ఒక్క సెంటీమీటర్ జరిపినా తేడా మీకే తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు.