కంచెల కత్తిరింపునకు తగిన కాలము

పంచాయతీ కార్యాలయము, పాఠశాల, తోటల చుట్టును గోరింట, సీమచింత కంచెలు పెంచుట మన పల్లెల వాడుక. ఆ గుబురులలో పికిలిపిట్టలు గూళ్లు కట్టును. అవి పురుగులను ఏరి తెచ్చి పిల్లలకు పెట్టును. ఇది పైరునకును మేలే.

వేసవి మొదలు వానకాలము ముగియువరకు పెక్కు పక్షులు గ్రుడ్లు పెట్టును. కావున వానలు వెలిసిన పిమ్మట, కార్తీక మార్గశిర మాసములలో కంచె కత్తిరింపవలెను. అప్పుడును ముందుగా దూరమునుండి గమనింపవలెను. పక్షి మేతతో లోనికి పోవుచున్నచో ఆ భాగమును విడువవలెను. పికిలిపిట్ట గ్రుడ్లు సుమారు 14 దినములలో పిల్లలగును. నెల దినములు ఓపిక పట్టిన చాలును. నడుమ దారికి అడ్డువచ్చు కొమ్మలను మాత్రమే తీయింపవచ్చును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గూళ్లను చెదరగొట్టుట వేటతో సమానము. కంచె పనికి తీర్మానము చేయునపుడే మాసమును కూడ నిర్ణయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.