ఆకాశమున వంతులు: సెల్‌ఫోను తరంగముల పంపకము



చెరువు క్రింద సేద్యము గల గ్రామములలో నీటి వంతు అనగా నేమో ఒకరు చెప్పవలసిన పని లేదు. చెరువు అందరిది, నీరు మితమైనది, ఎవరికి తోచినప్పుడు వారు తూము లెత్తుకొన్నచో ఎవరి మడియు పండదు. అందువలననే పెద్దలు కూర్చుండి వంతులు నిర్ణయించిరి. కంటికి గానరాని అట్టి చెరువే యొకటి మన తలలపై నున్నది. లోకములోని సెల్‌ఫోనులన్నియు దాని నీటిపైననే ఆధారపడి యున్నవి. ఆ నీటిని దేశదేశములవారు ఎట్లు పంచుకొనిరో, ఆ పంపకముతో మన పల్లెలకేమి సంబంధమో నేడు మనవి చేసెదను.

సెల్‌ఫోనులో మనము పలికిన మాట రేడియో తరంగమై టవరునకు బోవును. తరంగము సెకనునకు ఎన్ని మారులు కంపించునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. ఇట్టి తరంగములను ప్రయోగపూర్వకముగా నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ పేరిటనే దానిని కొలుచుచున్నారు. సెకనునకు పది లక్షల కంపనములైనచో అది ఒక మెగాహెర్ట్జ్. 900 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు రమారమి జానెడున్నర. 3500 మెగాహెర్ట్జ్ తరంగము బెత్తెడు మాత్రమే. దగ్గర దగ్గర పౌనఃపున్యములు గల తరంగముల గుంపును బ్యాండు అని వాడుదురు.

విమానములు, నౌకలు, సైన్యములు, టెలివిజను, ఉపగ్రహములు, అన్నిటికిని ఈ తరంగములే కావలెను. కట్టుబాటు లేక పలువురు ఒకే తావున ఒకే బ్యాండును వాడినచో ఒకరి మాటను మరొకరి మాట చెరచును. కావున 1865లో పారిస్ నగరమున టెలిగ్రాఫు కొరకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘమే నేడు జెనీవాలో నుండి, ఐక్యరాజ్యసమితికి చేరిన సంస్థయై, ఈ పంపకమునకు పెద్దరికము వహించుచున్నది. అది భూగోళమును మూడు మండలములుగా విభజించినది. ఐరోపా, ఆఫ్రికాలు మొదటి దానను, అమెరికా ఖండములు రెండవ దానను, భారతదేశము, ఆస్ట్రేలియా మున్నగునవి మూడవ దానను చేరినవి. మూడు నాలుగేండ్లకొకమారు ప్రతినిధులు సమావేశమై వంతులను సవరించుకొందురు. 2023లో అట్టి సభ దుబాయిలో జరిగినది.

అయినను వంతులు అంతటను ఒక్క తీరున లేవు. ప్రతి దేశమునను ఖాళీగా దొరికిన చోటు వేరు. 1983లో చికాగో నగరమున సెల్‌ఫోను వాడుకకు వచ్చినపుడు, అమెరికావారు టెలివిజను కొరకు ఉంచిన చోటులో కొంత తీసి 850 బ్యాండును దాని కిచ్చిరి. పిమ్మట 1900 బ్యాండును చేర్చిరి. ఐరోపావారు 900, 1800 బ్యాండులను ఎన్నుకొనిరి. జి.ఎస్.ఎం. అను వారి పద్ధతిలో మొదటి సంభాషణ 1991లో ఫిన్లండున జరిగినది. 1995 జూలై 31న కలకత్తానుండి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను ఆరంభమైనది. మనమును ఐరోపా మార్గమునే పట్టితిమి. అందుచేత ఆ దినములలో ఇచ్చటి ఫోను అమెరికాలో మూగవోయెడిది. నాలుగు బ్యాండులు గల ఫోనులు వచ్చిన పిదప ఆ చిక్కు తగ్గినది. నేటి ఫోనులలో అనేక బ్యాండులున్నను, దేశమును బట్టి వానిలో కొన్ని లోపించుట కలదు. అమెరికాలోని పిల్లలు పంపిన ఫోను ఇచ్చట సరిగా పలుకనిచో, చెడినదని పారవేయక, ఇచ్చటి బ్యాండులు దానిలో గలవో లేవో ముందు విచారింపవలెను. పాత ఫోనుతో అచ్చటికి పోవువారు మరియొకటి గుర్తింపవలెను. అచ్చటి పెద్ద సంస్థలు 2022లో మూడవ తరపు సేవను నిలిపివేసినవి. కావున బ్యాండు సరిపోయినను పాత ఫోను పలుకదు.

ఇక పల్లెల మాట. తక్కువ పౌనఃపున్యము గల తరంగము దూరము పోవును, గోడలను కొంతవరకు దాటును. కాని మోయు బరువు స్వల్పము. ఎక్కువ పౌనఃపున్యము గల బ్యాండులలో చోటు విశాలము గనుక సమాచారము విస్తారముగా సాగును. కాని దూరము పోజాలవు. 26,000 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగమునకు చెట్టు కొమ్మయే అడ్డు. జనసమ్మర్దము గల నగరములో వీథి వీథికి టవరు నిలుపవచ్చును. ఊరికి ఊరికి నడుమ పొలములే గల చోట ఒక్క టవరు పలు గ్రామములకు చాలవలెనన్నచో 700, 900 వంటి తక్కువ బ్యాండులే దిక్కు.

అట్టి 700 బ్యాండును 2016లో మన ప్రభుత్వము వేలమునకు బెట్టినది. దేశమంతటికిని మెగాహెర్ట్జ్ ఒక్కింటికి కనీసపు ధర 11,485 కోట్ల రూపాయలు. ఒక్కరును కొనరైరి. 2022లో ఆ ధరను 3,927 కోట్లకు దించిన పిమ్మటనే ఒక సంస్థ కొన్నది. చెరువు నిండియున్నను ఆరేండ్లు తూము తెరువబడలేదన్నమాట! ధర హెచ్చించిన ఖజానాకు లాభమనుట కొంతవరకే నిజము. కొనువారు లేనప్పుడు ఖజానాకును రాదు, పల్లెకును అందదు. చౌకగా ఇచ్చి ఊరకున్నను మేలు లేదు. కొన్నవారు టవరులు నిలిపినప్పుడే పల్లెకు మాట చేరును.

ఆకాశ తరంగములు ప్రజల ఆస్తియని మన సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పినది. కావున మీ యూరిలో ఫోను పలుకనిచో, టవరు ఎంత దూరమున నున్నదో, ఏ బ్యాండుపై సేవ యందుచున్నదో సేవ నమ్మిన సంస్థను వ్రాతమూలకముగా అడుగుడు. అది ఒకరి దయను యాచించుట కాదు. మన చెరువులో మన వంతును అడుగుట.