ఇంట్లో రోగి, బయట జనరేటర్

ఆస్పత్రి నుండి ఇంటికి వెళ్ళిన తరువాత కూడా కొందరు రోగులకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అవసరమవుతుంది. అది కరెంటుతో నడిచే యంత్రం. మరి కరెంటు పోతే? ఈ భయం ఊరికే వచ్చినది కాదు. జనగామ వైపు ఎండాకాలపు గాలిదుమారానికి స్తంభాలు ఒరిగిపోతాయి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగిపోయింది. 2024 సెప్టెంబరు మొదటి రోజున మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే వరదకు కొట్టుకుపోయింది. అటువంటి రోజుల్లో లైన్‌మన్ ఎంత కష్టపడినా కరెంటు వెంటనే రాదు. అందుకే కొందరు చిన్న పెట్రోల్ జనరేటర్ కొంటున్నారు, లేదా కిరాయికి తెచ్చుకుంటున్నారు.

తెచ్చుకోవడంలో తప్పు లేదు. ఎక్కడ పెడుతున్నారన్నదే ముఖ్యం. వానకు తడుస్తుందని, రాత్రి ఎవరైనా ఎత్తుకుపోతారని దానిని వరండాలో పెట్టి నడుపుతారు. ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే.

పెట్రోల్ మండినప్పుడు సైలెన్సర్ నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మనకు తెలిసే పొగ వాసన వేరు. అది లేనంత మాత్రాన ఈ వాయువు లేదని కాదు. ఊపిరితో లోపలికి వెళ్ళి, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. దాని జనరేటర్ నుండి వచ్చిన ఈ వాయువే లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది.

మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, నీరసం వస్తాయి. ఎండదెబ్బో, తిన్నది పడలేదో అనుకుంటాము. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పిగా ఉండి, బయటికి వస్తే తేలికపడితే వెంటనే జనరేటర్‌ను అనుమానించండి. మంచంలోని రోగి విషయంలో మరింత జాగ్రత్త. అతనికి మగత వస్తే, "పాపం, ఇన్నాళ్ళకు నిద్ర పట్టింది" అని ఇంటివారు సంతోషిస్తారు. లేపి చూడండి.

కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్ళలో ఉంది. ఈ విషయంలో దానిని నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కిస్తుంది. వేలికి పెడితే 98 చూపుతుంది, మనిషి మాత్రం ప్రమాదంలో ఉంటాడు.

అనుమానం రాగానే అందరినీ ఆరుబయటికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో మొదటి మాటగా "ఇంట్లో జనరేటర్ నడిచింది" అని చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యునికి దారి చూపుతుంది. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది.

కాబట్టి జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, సైలెన్సర్ తలుపులకు, కిటికీలకు ఎదురుగా లేకుండా పెట్టాలి. పక్కింటి కిటికీ కూడా చూసుకోండి. వాన అయితే నాలుగు కర్రలు పాతి, పైన మాత్రమే తాటిపత్రి కట్టండి; పక్కలు మూయకండి. తలుపులు తీసి ఫ్యాను వేస్తే చాలుననుకోవడం పొరపాటు. దొంగల భయముంటే గొలుసు వేయండి.

పెట్రోల్ పోయాలంటే ఆపి, చల్లారనివ్వాలి. కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోల్ ఉంచకండి, పిల్లలు తాగుతారు. తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఇంకొక అలవాటు: రెండు వైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్ కరెంటును గోడ సాకెట్‌లోకి పంపడం. ఆ కరెంటు సర్వీసు వైరు గుండా వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి 11,000 వోల్టులుగా మారగలదు. మీ కోసమే స్తంభమెక్కిన లైన్‌మన్ చనిపోతాడు. ఎలక్ట్రీషియన్ చేత చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించండి. అంతవరకు మంచి పొడవాటి వైరుతో కాన్సంట్రేటర్‌ను నేరుగా కలపండి. 5 లీటర్ల కాన్సంట్రేటర్‌కు సుమారు 350 వాట్లు చాలు. అదే జనరేటర్ మీద ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటారు వేయకండి.

జనరేటర్ ఉన్నా ఒక ఆక్సిజన్ సిలిండర్ నింపి దగ్గర ఉంచుకోవడం మేలు. సుమారు 1,500 లీటర్లు పట్టే బి టైపు సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటల వరకు వస్తుంది. దాని దగ్గర దీపం, బీడీ వద్దు. మీ రోగికి నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలో డిశ్చార్జి రోజునే నర్సును అడిగి, చీటీ మీద రాయించుకోండి.