పగులును తానే పూడ్చుకునే సిరామిక్

సైన్యంలో పనిచేసినవాడికి తుప్పు పాత శత్రువే. వానాకాలంలో రైఫిల్ బ్యారెల్‌ను చిందీతో తుడిచి నూనె పట్టించకపోతే ఏమవుతుందో ప్రతి జవానుకూ తెలుసు. జెట్ ఇంజన్ లోపలా శత్రువు అదే ఆక్సిజన్. కాకపోతే అక్కడ రోజూ తుడవడానికి చెయ్యి దూరదు.

ఇంజన్లలో వాడే నికెల్ మిశ్రలోహాలు 1300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరగడం మొదలెడతాయి. వాటి స్థానంలోకి వస్తున్నవి సిలికాన్ కార్బైడ్ పోగులను అదే పదార్థంలో పొదిగిన సిరామిక్ కాంపోజిట్లు. బరువు దాదాపు మూడో వంతే. 2016 నుంచి ప్రయాణికుల విమానాలను నడుపుతున్న లీప్ ఇంజన్‌లో టర్బైన్ చుట్టూ ఉండే ష్రౌడ్‌లు ఈ రకానివే. మన రఫేల్‌లోని ఎం88 ఇంజన్ నాజిల్ బయటి ఫ్లాప్‌లలోనూ ఈ కోవకే చెందిన, కార్బన్ పోగుల కాంపోజిట్ వాడారు.

చిక్కంతా పగుళ్లతోనే. వెంట్రుకకన్నా సన్నని పగులు చాలు, గాలి లోపలికి దూరి పోగుల మీది పలుచని పూతను తినేస్తుంది. విచిత్రమేమంటే, మరీ ఎక్కువ వేడికన్నా 600-900 డిగ్రీల మధ్యే భయం ఎక్కువ. 1000 దాటాక సిలికాన్ కార్బైడ్ తానే ఆక్సిజన్‌తో కలిసి గాజుపొరగా మారి పగులును మూస్తుంది. అంతకు తక్కువ వేడిలో ఆ గాజు బాగా నెమ్మదిగా పుడుతుంది. అందుకని మధ్యమధ్య బోరాన్ కలిసిన పొరలు పేరుస్తారు. పగులులోంచి గాలి తగలగానే బోరాన్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. సుమారు 450 డిగ్రీలకే కరిగే ఆ పదార్థం పగులులోకి పాకి దారి మూసేస్తుంది. గాయం మీద రక్తం గడ్డకట్టినట్టన్నమాట. అయితే దీనికి నీటి ఆవిరి గిట్టదు, బోరాన్ ఆక్సైడ్‌ను మెల్లగా ఎగరేసుకుపోతుంది. ఇంధనం మండే ప్రతి చోటా ఆవిరి పుడుతుంది మరి!

హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో స్క్రామ్‌జెట్ దహన గదిని నేల మీద 1000 సెకన్లకు పైగా నడిపింది. మెచ్చుకోవాల్సిన పనే. కానీ క్షిపణి పని నిమిషాల్లో ముగుస్తుంది, యుద్ధ విమానపు ఇంజన్ వేల గంటలు బతకాలి. ఎన్ని డిగ్రీలు తట్టుకుందన్న వార్తే మనకు పతాక శీర్షిక అవుతుంది. ఆవిరిలో ఎన్ని గంటలు నిలిచిందని అడిగేవారు తక్కువ.

ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్‌తో కలిసి ఇంజన్‌ను ఇక్కడే తయారుచేసే దిశగా కదులుతున్నామని రక్షణ మంత్రి 2025 ఆగస్టులో చెప్పారు. పగుళ్లు పూడ్చుకునే కాంపోజిట్లపై దశాబ్దాలుగా పనిచేస్తున్న సంస్థ అది. డ్రాయింగులు చేతికొస్తే చాలదు. పోగు తయారీ, బోరాన్ పొరలు పేర్చే విధానం, ఆవిరి కొలిమిలో నెలల తరబడి చేసిన పరీక్షల లెక్కలు కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి.