ఐదు వడ్లగింజల ఎత్తు యూరియా

యూరియా బస్తా 45 కిలోలు. 2018కి ముందు 50 ఉండేది. గుడివాడ పక్క పల్లె రైతుకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకోటుంది. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందో లేదో తేల్చే ఊపిరి పరీక్షలో తాగించేదీ యూరియానే. చాలాచోట్ల 75 మిల్లీగ్రాములు. బీపీటీ 5204 వడ్లగింజలు ఐదు తూస్తే ఇంచుమించు అంతే ఉంటాయి. ఆ లెక్కన బస్తాకి 6 లక్షల మోతాదులు. 2011 జనాభా లెక్కల్లో బందరు సుమారు 1.7 లక్షలు, గుడివాడ 1.18 లక్షలు. రెండూళ్ల జనానికీ రెండేసి సార్లు పరీక్ష చేసినా బస్తా అడుగున కిలోన్నర పైనే మిగులుతుంది. ఎరువుల కొట్లో యూరియా పనికిరాదు లెండి, ఆ సంగతికి వస్తాను.

పొలంలో జరిగేదే కడుపులోనూ జరుగుతుంది. మడిలో చల్లిన యూరియాని మట్టిలోని సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో విరగ్గొడతాయి. అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. మన ఒంట్లో కణాలకి ఆ ఎంజైము లేదు. పైలోరీకి దండిగా ఉంది. ఆ అమ్మోనియాని చుట్టూ కప్పుకునే అది జీర్ణాశయపు ఆమ్లాన్ని తట్టుకుంటుంది. మింగిన యూరియా అక్కడ విరిగిందంటే పైలోరీ కాపురం ఉన్నట్టే. విరిగాక వచ్చిన బొగ్గుపులుసు వాయువు రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తుంది.

ఊపిరిలో ఆ వాయువు ఎప్పుడూ ఉండేదే కదా, అందులో యూరియాది ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే పరీక్ష యూరియాని కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్‌తో తయారుచేస్తారు. దీనికి రేడియోధార్మికత లేదు. ప్రకృతిలో ప్రతి 10 లక్షల కార్బన్ పరమాణువుల్లో సుమారు 11,000 ఇవే. తాగకముందు ఒక సంచిలోకి, తాగిన అరగంటకి ఇంకో సంచిలోకి ఊదిస్తారు. రెండో సంచిలో ఆ 11,000 కాస్తా 11,044 దాటితే బ్యాక్టీరియా ఉన్నట్టు లెక్క. అంటే వెయ్యికి నాలుగు వంతులు పెరగడం. రిపోర్టులో 4 అని కనిపించే హద్దు ఇదే, యంత్రాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. బందరు ఊరంత జనంలోకి కొత్తగా ఏడెనిమిది మంది దిగితే పసిగట్టినట్టు!

కార్బన్-14తో చేసే రకం కూడా ఉంది. దానికి రేడియోధార్మికత ఉంటుంది గానీ, ఒంటికి తగిలేది ప్రకృతి నుంచి మనకి ఒక్కరోజులో తగిలే దానిలో సగమే. అయినా గర్భిణులకి ఇవ్వరు.

వందలో 95 సార్లు సరిగ్గా చెప్పే ఈ పరీక్షని చెడగొట్టేది మన అలవాటే. మన వైపు గ్యాస్ ట్రబుల్ అంటే జబ్బు కాదు, ఇంటిపేరు లాంటిది. పళ్లు తోముకుని, కాఫీ కన్నా ముందు పాంటాప్రజోల్ మాత్ర ఒకటి. డాక్టరు రాశాడా అంటే, ఎప్పుడో మూడేళ్ల కిందట రాశాడు. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దాంతోపాటు బ్యాక్టీరియానీ నీరసపరుస్తుంది. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో, పైలోరీ ఉన్న 93 మందికి నాలుగు వారాలు లాన్సొప్రజోల్ అనే అదే జాతి మందు ఇచ్చి మళ్లీ ఊదిస్తే 31 మందికి లేదని వచ్చింది. పోలేదు, నక్కింది. మాత్ర ఆపిన 3 రోజులకి 91 శాతం మందిలో, వారానికి 97 శాతంలో, 14 రోజులకి అందరిలోనూ తిరిగి దొరికింది. రెండు వారాలు మాత్ర మానమనేది అందుకే. యాంటీబయాటిక్స్, బిస్మత్ అయితే నాలుగు వారాలు. బందరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్లు. తొలి బస్సు ఎక్కేముందు అలవాటు కొద్దీ మాత్ర వేసుకున్నవాళ్లకి బస్సు ఛార్జీ దండగ. పరీక్షకి పరగడుపునే వెళ్లాలి, కాఫీ కూడా కూడదు. గుండె జబ్బుకి ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం గ్యాస్ మాత్రని సొంతంగా ఆపొద్దు, డాక్టర్ని అడగండి.

బ్యాక్టీరియా ఉన్నవాళ్లంతా రోగులు కారు. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందిలో ఉంది. వందలో పదిమందికో పదిహేను మందికో అల్సర్, ఒకరి నుంచి ముగ్గురికి జీర్ణాశయ క్యాన్సర్ రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సాధారణంగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది. నీళ్ల పాత్రా ఉండొచ్చు. 2007లో అచ్చయిన ఒక హైదరాబాద్ అధ్యయనంలో బావినీళ్లు తాగేవాళ్లలో 92 శాతానికి, కుళాయి నీళ్లు తాగేవాళ్లలో 75 శాతానికి ఇది కనిపించింది. కాలువ కట్టేశాక చెరువు నీళ్ల మీదే వేసవి గడిపే దివిసీమ శివారు ఊళ్లవాళ్లు ఈ అంకెల్ని ఒకసారి ఆగి చదవాలి.

నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం ఉంటే ఊపిరి పరీక్షతో కాలక్షేపం వద్దు. ఎండోస్కోపీ కావాలి.

బ్యాక్టీరియా ఉందని తేలాక వాడే మందుల కోర్సు, సాధారణంగా 14 రోజులు, ముగిసిన నాలుగు వారాలకి మళ్లీ ఊదాలి. రక్త పరీక్ష ఇక్కడ పనికిరాదు, బ్యాక్టీరియా చచ్చినా యాంటీబాడీలు నెలల తరబడి మిగిలే ఉంటాయి. ఈ రెండో ఊదుడులో ఒక తిరకాసుంది. కోర్సు వాడిన 200 మందిలో 180 మందికి నయమైందనుకుందాం. మిగిలిన 20 మందిలో పరీక్ష 19 మందిని పట్టుకుంటుంది. నయమైన 180లో 9 మందికి ఇంకా ఉందని పొరపాటున చెబుతుంది. అంటే ‘ఉంది’ అన్న 28లో 9 తప్పు. ‘లేదు’ అన్న 172లో తప్పు ఒక్కటే. ‘లేదు’ అంటే నమ్మేయండి. ‘ఉంది’ అంటే రిపోర్టులో అంకె చూడండి. 25 ఉంటే వాదన లేదు. 4.3 ఉంటే ఇంకో కోర్సు మొదలెట్టేముందు మరోసారి ఊదిస్తారా అని డాక్టర్ని అడగండి.