పాంటిఫ్రాక్ట్ కోట: కూలిందా, కూల్చారా?

శిథిలమైన కోట కనబడితే కవికి కాలమహిమ గుర్తుకొస్తుంది. కాని ప్రతి కోటనూ కాలమే కూల్చలేదు. ఇంగ్లండులో, యార్క్‌షైర్ ప్రాంతంలోని పాంటిఫ్రాక్ట్ కోట ఇందుకు మంచి నిదర్శనం.

1066లో ఇంగ్లండును జయించిన నార్మన్ రాజు విలియం ఇక్కడి భూములను తన అనుచరుడు ఇల్బర్ట్ డి లేసీకి ధారపోశాడు. 1070 ప్రాంతంలో అతడు కట్టిన కోట ముఖ్యోద్దేశం ఓడిన ప్రజలను అణచి ఉంచటమే. తరువాత అది లాంకాస్టర్ వంశం చేతికి వచ్చింది. 1322లో రాజుపై తిరగబడిన లాంకాస్టర్ ప్రభువు థామస్‌ను తన కోటలోనే విచారించి, దగ్గర గుట్టమీద తల నరికారు. 1400లో పదవీచ్యుతుడైన రెండవ రిచర్డు ఇక్కడే బందీగా మరణించాడు. తిండి లేక చనిపోయాడని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. షేక్‌స్పియర్ మాత్రం హంతకుల చేత చంపించాడు. ఆకలిచావు కంటే కత్తిదెబ్బ రంగస్థలానికి అనుకూలం కదా!

1640లనాటి అంతర్యుద్ధంలో కోట రాజు పక్షాన నిలిచి మూడు ముట్టడులను ఎదుర్కొంది. 1649 జనవరిలో రాజు చార్లెస్ శిరచ్ఛేదం జరిగింది. మార్చిలో కోట లొంగింది. ఈ ముట్టడుల్లో నలిగినవాళ్లు ఊరి జనం. కోటను నేలమట్టం చేయమని అర్జీ పెట్టుకున్నదీ వాళ్లే. పార్లమెంటు ఒప్పుకుంది. ఏప్రిల్‌లో కూల్చివేత మొదలైంది. సామగ్రిని అమ్మేశారు. తరువాతి కాలంలో ఆ ఆవరణలో అతిమధురం మొక్కలు పండించారు.

1616లోనే మరణించిన షేక్‌స్పియర్‌కు ఆ అర్జీ సంగతి తెలిసే వీలులేదు. మనకు తెలుసు. శిథిలాల మీద కలం పట్టే రచయిత, నిట్టూర్చే ముందు, వీటిని ఎవరు, ఎందుకు కూల్చారని అడగాలి.