ప్లుస్-క-పర్ఫే ద్యు స్యుబ్జోంక్తిఫ్ (ఫ్రెంచి వ్యాకరణం)

ప్లుస్-క-పర్ఫే ద్యు స్యుబ్జోంక్తిఫ్ అనేది ఫ్రెంచి భాషలోని ఒక క్రియారూపం. గతంలో జరిగి ఉండవలసి, జరగకుండా పోయిన పనిని ఊహించి చెప్పడానికి, అలాగే గతంలోని ఒక సంఘటనకు ముందే జరిగిన పనిపై కోరిక, విచారం, సందేహం వంటి భావాలను వ్యక్తపరచడానికి ఇది ఉపయోగపడుతుంది. ప్రస్తుతం ఇది సాహిత్యభాషకే పరిమితమైనది. సంభాషణలో దాదాపుగా వినబడదు.

తెలుగువారికి ఫ్రెంచి భాషతో సంబంధం పాతదే. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండేది. సముద్రానికి దూరంగా ఉన్న అనంతపురంలో కూడా ఈ భాషకు చోటు దొరికింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్‌లు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) అక్కడ విదేశీ భాషల పాఠశాలను నెలకొల్పి, డిగ్రీ చదివిన గ్రామీణ యువతకు ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలను నేర్పించింది.

నిర్మాణం

ఈ రూపంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సహాయక క్రియ. రెండవది ప్రధాన క్రియ యొక్క భూతకాల కృదంతం. సహాయక క్రియలు రెండే: అవ్వార్ (కలిగి ఉండు), ఎత్ర్ (ఉండు). వీటిని అంపర్ఫే ద్యు స్యుబ్జోంక్తిఫ్ అనే రూపంలో వాడాలి. ఎక్కువ క్రియలకు అవ్వార్ వస్తుంది. వెళ్ళు, వచ్చు, చేరు, బయలుదేరు, పుట్టు, చనిపోవు అనే అర్థాలు గల క్రియలకు ఎత్ర్ వస్తుంది.

ఇక్కడ "యు" అని రాసిన అచ్చు తెలుగులో లేదు. పెదవులను "ఊ"కు వలె గుండ్రంగా ఉంచి "ఈ" అని పలికితే ఆ ధ్వని వస్తుంది.

పర్లే (మాట్లాడు), అవ్వార్ సహాయంతో:

* నేను: క జ్యుస్ పర్లే
* నువ్వు: క త్యు యుస్ పర్లే
* అతడు: కిల్ యు పర్లే
* మేము: క నూ-జ్-యుస్సియోఁ పర్లే
* మీరు: క వూ-జ్-యుస్సియే పర్లే
* వారు: కిల్-జ్-యుస్ పర్లే

వనీర్ (వచ్చు) వంటి క్రియలకు సహాయక క్రియ వరుసగా ఫ్యుస్, ఫ్యుస్, ఫ్యు, ఫ్యుస్సియోఁ, ఫ్యుస్సియే, ఫ్యుస్ అవుతుంది. దాని తరువాత కృదంతం వన్యు చేరుతుంది. ఎత్ర్ వచ్చినపుడు కృదంతం కర్త యొక్క లింగ వచనాలను అనుసరిస్తుంది. అయితే వన్యు వంటి కృదంతాలలో ఈ మార్పు రాతలోనే కనబడుతుంది, ఉచ్చారణ మారదు.

రాతలో ఆరు రూపాలున్నా చెవికి వినబడేవి నాలుగే. నేను, నువ్వు, వారు అనే మూడింటికీ సహాయక క్రియ ఒకే విధంగా పలుకుతుంది. "అతడు" రూపంలో అచ్చుపై టోపీ వంటి గుర్తు తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే పాసే అంతేరియర్ అనే వేరే కాలం అవుతుంది. విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఇదే.

ప్రయోగం

1. జరగని గతం: "వాన పడి ఉంటే పంట బాగుండేది" అనే వాక్యాన్ని వాడుక ఫ్రెంచిలో "సిల్ అవే ప్ల్యు, ల రెకోల్త్ ఒరే-తేతే బొన్" అంటారు. సాహిత్య శైలిలో "సిల్ యు ప్ల్యు, ల రెకోల్త్ యు-తేతే బొన్" అంటారు. రెండవ వాక్యంలో రెండు క్రియలూ ఈ వ్యాసంలో చెప్పిన రూపంలోనే ఉన్నాయి. ప్ల్యు అనేది "కురియు", "నచ్చు" అనే రెండు క్రియలకూ కృదంతమే కాబట్టి సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించాలి.

2. ఉపవాక్యంలో: "వాన రాలేదని అతడు విచారిస్తూ ఉండేవాడు" అనే వాక్యంలో విచారం గతంలోనిది. వాన రాకపోవడం అంతకు ముందరిది. ఇటువంటి చోట "ఫ్యు వన్యు" వస్తుంది.

తెలుగుతో పోలిక

తెలుగు వ్యాకరణంలో దీనికి దగ్గరగా ఉన్నది చేదర్థకం. "వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి" అనేది పాఠశాలల్లో చెప్పే సుపరిచితమైన ఉదాహరణ. ఇందులో ఆశ ఉంది, ఫలితం ఇంకా తేలలేదు. "వర్షాలు కురిసి ఉంటే పంటలు పండి ఉండేవి" అన్నపుడు ఫలితం తేలిపోయింది. వర్షం కురవలేదు, పంట పండలేదు. ఒక్కసారి కూడా "లేదు" అనకుండానే వాక్యం రెండు నష్టాలను చెబుతున్నది.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎక్కువగా వర్షాధారమే. ఊడలు దిగే దశలో వాన ముఖం చాటేస్తే కాయ పట్టదు. విత్తే నాటికి "పడితే" అన్న రైతు కోత నాటికి "పడింటే పండిండేది" అంటాడు. "పడి ఉంటే" రాయలసీమ పలుకుబడిలో "పడింటే" అవుతుంది. "వచ్చింటే", "చేసింటే" కూడా ఇటువంటివే. గ్రాంథికంలో "కురిసియున్నచో పండియుండెడిది" అంటారు. ఫ్రెంచివారు పుస్తకాలకు వదిలేసిన భావం ఇక్కడ పొలంగట్టున నిత్యవ్యవహారంలో ఉన్నది.

ఒక భేదాన్ని గమనించాలి. "రాత్రి వాన పడి ఉంటే చెరువులో నీళ్ళు ఉంటాయి" అనే వాక్యంలోని "ఉంటే" జరగనిదాన్ని చెప్పడం లేదు, పడిందో లేదో తెలియదని చెబుతున్నది. తెలుగులో ఈ తేడా ప్రధాన వాక్యపు క్రియలో (ఉంటాయి, ఉండేవి) తెలుస్తుంది. ఫ్రెంచిలో "అయితే" వాక్యపు క్రియలోనే తెలుస్తుంది. అందువలన తెలుగు విద్యార్థి ముందుగా తెలుగు వాక్యపు చివరి క్రియను చూసి, ఆ తరువాతనే ఫ్రెంచి రూపాన్ని ఎంచుకోవాలి.

నేటి స్థితి

1976 డిసెంబరు 28 నాటి ఫ్రెంచి విద్యాశాఖ ఉత్తర్వు ప్రకారం, ఉపవాక్యంలో ఈ రూపానికి బదులు పాసే ద్యు స్యుబ్జోంక్తిఫ్ అనే సులభమైన రూపాన్ని రాసినా పరీక్షలలో తప్పుగా పరిగణించరు. "జరగని గతం" అర్థంలో వాడుక రూపాలైన అవే, ఒరే సరిపోతాయి. కాబట్టి ఫ్రెంచి మాట్లాడదలచినవారు దీనిని కంఠస్థం చేయవలసిన అవసరం లేదు. పాత నవలలు, నాటకాలు, చరిత్ర గ్రంథాలు చదివేవారు మాత్రం చూడగానే గుర్తుపట్టగలగాలి.